బొప్పాయిలో పోతు చెట్టేదో, ఆడ చెట్టేదో పోల్చుకోవడం ఎలా? ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

"చెట్టు ఏపుగా పెరిగింది, విరగబూసింది, ఒక్క కాయ నిలవలేదు. ఏం మందు కొట్టమంటారు?" బొప్పాయి పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పూల ఫోటో పంపమంటాను. పంపుతారు. ఆకుల మొదళ్లలోంచి మూరెడేసి కాడలు కిందికి వేలాడుతూ, వాటి నిండా సన్నటి తెల్లపూలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. అది పోతు చెట్టు. దానికి జబ్బేమీ లేదు, బలం తక్కువా కాలేదు. ఏ మందు కొట్టినా అది కాయదు, ఎందుకంటే దాని పని కాయడం కాదు.

ఆ మాట చెప్పగానే రెండు ప్రశ్నలు వస్తాయి. నారుగా ఉన్నప్పుడే పోల్చుకోలేమా? ఇప్పుడు దీన్ని కొట్టేయమంటారా? మొదటిదానికి జవాబు: కంటితో పోల్చుకోలేం. రెండోదానికి జవాబు మీరు వేసిన గింజను బట్టి ఉంటుంది. అది తెలియకుండా ఎవరు "కొట్టెయ్" అన్నా, "ఉంచు" అన్నా అది ఊహే. అందుకే గింజ దగ్గర్నుంచి కాయ కోసే దాకా వరసగా రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. బొప్పాయిలో చెట్లు రెండు రకాలు కావు, మూడు. పోతు చెట్టు పుప్పొడి మాత్రమే ఇస్తుంది. ఆడ చెట్టు కాస్తుంది గానీ పుప్పొడి వేరేచోటి నుంచి రావాలి. ద్విలింగ చెట్టు పూవులో రెండూ ఉంటాయి, తన పుప్పొడితో తానే కాస్తుంది. ఈ మూడోదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే సగం పొరపాట్లు జరుగుతాయి.

ఏమేం కావాలి

- ఏ రకానివో ఖాయంగా తెలిసిన గింజలు
- గుంతకు మూడు నాలుగు మొక్కల లెక్కన నారు సంచులు
- పదునైన చిన్న చాకు, ఒక బ్లేడు
- చేతి తొడుగులు. బొప్పాయి పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే చాలా బాధ
- మూడు రంగుల దారం, గుంతకొక పుల్ల
- ఒక నోటు పుస్తకం
- సొంత గింజ కట్టుకునే ఆలోచన ఉంటే చిన్న కాగితపు సంచులు

భూతద్దం ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

1. మీ గింజ ఏ కోవకు చెందిందో తెలుసుకోండి

బొప్పాయి రకాలు రెండు కోవలు. మొదటి కోవలో ఆడ చెట్లు, పోతు చెట్లు వస్తాయి. వాషింగ్టన్, పూసా డ్వార్ఫ్, పూసా జెయింట్, కో 2, కో 5 లాంటివి ఇవి. రెండో కోవలో ఆడ చెట్లు, ద్విలింగ చెట్లు వస్తాయి, పోతు చెట్లు రావు. సోలో, రెడ్ లేడీ, కూర్గ్ హనీ డ్యూ, పూసా డెలీషియస్, సూర్య, కో 7 ఈ కోవలోవి. ప్యాకెట్ మీద రకం పేరు ఉంటే అది ఏ కోవో ముందే తేల్చుకుని నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి. ఆరు నెలల తర్వాత కత్తి పట్టుకుని నిలబడినప్పుడు ఆ ఒక్క ముక్కే అవసరమవుతుంది.

తిన్న పండులోంచి తీసిన గింజ అయితే, ఆ పండు ఏ చెట్టుది, దాని పూవు మీద ఏ చెట్టు పుప్పొడి పడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1938లో దక్షిణాఫ్రికాలో హాఫ్‌మైర్, హవాయిలో స్టోరీ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా తేల్చిన లెక్క ఇది:

- ఆడ పూవు మీద పోతు పుప్పొడి పడితే: సగం ఆడ, సగం పోతు
- ఆడ పూవు మీద ద్విలింగ పుప్పొడి పడితే: సగం ఆడ, సగం ద్విలింగ
- ద్విలింగ పూవు తన పుప్పొడితోనే కడితే: రెండు ద్విలింగకు ఒక ఆడ
- ద్విలింగ పూవు మీద పోతు పుప్పొడి పడితే: మూడు రకాలూ సమానంగా

పోతు మొక్క రావాలంటే పోతు పుప్పొడి పడి తీరాలి. కాబట్టి మీకు పండు ఇచ్చిన చెట్టు ఎంత గొప్పదైనా, దాని దగ్గర్లో ఒక పోతు చెట్టు పూస్తూ ఉంటే ఆ గింజల్లో పోతులు వస్తాయి. "అంత తీపి పండు గింజ వేశాను, అయినా పోతు చెట్టే వచ్చింది" అని బాధపడేవాళ్లకు కారణం ఇదే. పండు రుచికీ పిల్ల మొక్క లింగానికీ సంబంధం లేదు.

2. గుంతకు ఎన్ని మొక్కలు పెట్టాలో లెక్క వేసుకోండి

నారు దశలో తెలియదు కాబట్టి గుంతకు ఒక్క మొక్క పెట్టడమంటే బొమ్మా బొరుసా ఆడడమే. ఆడ–పోతు కోవలో గుంతకు ఒకటే పెడితే వంద గుంతల్లో యాభై దాకా పోతులే మిగులుతాయి. రెండు పెడితే రెండూ పోతులయ్యే గుంతలు పాతిక. మూడు పెడితే పన్నెండు పదమూడు. నాలుగు పెడితే ఆరు. అయిదోది పెట్టినా మూడుకు తగ్గుతుంది అంతే, ఈలోగా మొక్కలు ఒకదాని నీడలో ఒకటి సాగిపోయి సన్నబడతాయి. అందుకే ఈ కోవకు మూడు గానీ నాలుగు గానీ పెట్టమంటాను.

ఆడ–ద్విలింగ కోవలో మీకు ఏ చెట్టయినా ఫరవాలేదనుకుంటే గుంతకు ఒకటి చాలు, ఏదొచ్చినా కాస్తుంది. ద్విలింగ చెట్టే కావాలనుకుంటే, ద్విలింగ పూవు తనంతట తాను కట్టిన గింజకు రెండు మొక్కలు పెడితే వందలో పదకొండు గుంతల్లో రెండూ ఆడవే అవుతాయి. మూడు పెడితే అలాంటి గుంతలు నాలుగు.

3. నాటేటప్పుడే, తర్వాత తీసేయడానికి వీలుగా నాటండి

గుంతకూ గుంతకూ రెండు మీటర్ల దూరం. గుంత అడుగున్నర నుంచి రెండడుగుల లోతు, అంతే వెడల్పు. చివికిన పశువుల ఎరువు పైమట్టిలో కలిపి నింపండి. నారు జానెడు ఎత్తు రాగానే, అంటే గింజ వేసిన ఆరేడు వారాలకు, మూడు మొక్కలనూ మూడు మూలలుగా, ఒక్కోదాని మధ్య జానెడు ఎడం ఉండేలా పెట్టండి. ఒకే సంచిలో మొలిచిన మూడింటినీ గుత్తిగా అలాగే నాటేస్తారు కొందరు. వేళ్లు పెనవేసుకుపోతాయి, తర్వాత ఒకటి తీస్తే పక్కది కదులుతుంది.

నారు ఏరేటప్పుడు బలమైనవి ఉంచి, బక్కవి పారేయడం అందరికీ అలవాటు. తెగులు తగిలినవి, వంకరవి తీసేయండి, తప్పులేదు. కానీ "బక్కగా ఉంది కాబట్టి పోతు, గుబురుగా ఉంది కాబట్టి ఆడ" అని ఏరకండి. ఏపుదనం లింగాన్ని చెప్పదు.

హెచ్చరిక: గుంత చుట్టూ నీళ్లు నిలవకూడదు. ఒకటి రెండు రోజులు వేళ్లు నీళ్లలో నానితే ఆడదీ పోతూ అన్న తేడా లేకుండా అన్నీ పోతాయి. నేల లోతట్టుగా ఉంటే గుంతను మట్టితో కాస్త ఎత్తు చేసి, ఆ దిబ్బ మీద నాటండి.

4. మొగ్గ వచ్చే దాకా ఆగండి

నాటిన నాలుగో నెల నుంచి వారానికొకసారి ఆకు కాడ కాండాన్ని పట్టుకున్న చోట చూడండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొగ్గ తొడుగుతుంది. తాటి చెట్టుతో పోలిస్తే ఇది ఎంతో నయం. తాటిలో పోతు చెట్టో ఆడ చెట్టో తెలియడానికి పన్నెండు పదిహేనేళ్లు ఆగాలి.

ఒకే గుంతలో మొక్కలన్నీ ఒకేసారి పూయవు. చాలాసార్లు పోతు మొక్కే ముందు పూస్తుంది. ముందుగా పూసిందన్న మురిపెంతో దాన్ని ఉంచి, ఇంకా పూయని రెంటినీ తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మూడూ మొగ్గ తొడిగే దాకా, లేదా కనీసం ఒకటి ఆడదనో ద్విలింగ అనో ఖాయమయ్యే దాకా దేన్నీ ముట్టుకోవద్దు.

మొదటి మొగ్గనే చూసి తీర్పు చెప్పొద్దు కూడా. తొలి మొగ్గలు కొన్ని అరకొరగా వచ్చి రాలిపోతాయి. ఒకే చెట్టు మీద మూడు నాలుగు మొగ్గలు ఒకే మాట చెబితేనే నమ్మండి.

5. మొగ్గను చదవండి

ఇదే అసలు పని. పది నిమిషాలు ఓపిగ్గా చూస్తే జన్మలో మరిచిపోరు.

ముందు కాడ చూడండి. మొగ్గ కాండానికి అంటుకున్నట్టు వేలెడంత పొట్టి కాడ మీద ఒంటరిగానో, రెండు మూడు కలిసో ఉంటే అది ఆడదో ద్విలింగో అయి ఉండాలి. కాడ సన్నగా సాగిపోతూ, కొమ్మలు వేస్తూ, పదులకొద్దీ చిన్న మొగ్గలు మోస్తూ ఉంటే పోతు. రెండు మూడు వారాల్లో ఆ కాడ మూరెడు దాటుతుంది, రెండు మూరలు కూడా వేలాడుతుంది.

తర్వాత మొగ్గ ఆకారం. ఆడ మొగ్గ అడుగున బొద్దుగా, కొసకు వచ్చేసరికి మొనదేలి ఉంటుంది. వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా నొక్కితే లోపల గుండ్రటి గట్టి ఉండ తగులుతుంది. ద్విలింగ మొగ్గ దొండకాయ పిందెలా కోలగా ఉంటుంది, అడుగున అంత బొద్దు ఉండదు. పోతు మొగ్గ సన్నటి గొట్టం, చివర మాత్రం అగ్గిపుల్ల తలలా కాస్త ఉబ్బు.

అనుమానం ఉంటే కోసి చూడండి. గుత్తిలో విచ్చుకోబోతున్న మొగ్గ ఒకటి తుంచండి. పాలు కారతాయి, ఒక నిమిషం ఆగి తుడిచేయండి. బ్లేడుతో అడుగు నుంచి కొస దాకా నిలువుగా గీరి, పుస్తకంలా విప్పి, అరచేతిలో పరిచి వెలుగులో చూడండి.

ఆడ పూవైతే అయిదు రేకులు అడుగు దాకా విడివిడిగా ఊడి వస్తాయి. మధ్యలో లేతాకుపచ్చ ఉండ, దాని నెత్తిన అయిదు పాయలుగా చీలిన కుచ్చు. పసుపు రంగు పొడి తిత్తులు ఒక్కటీ కనబడవు.

ద్విలింగ పూవైతే రేకులు కింది భాగంలో కలిసిపోయి గొట్టంలా ఉంటాయి, పైన మాత్రమే విడిపోతాయి. గొట్టం లోపల కోలగా, సన్నగా పిందె ఉంటుంది. దాని చుట్టూ, రేకుల గొంతు దగ్గర, పది పసుపు తిత్తులు. వేలితో రాస్తే పొడి అంటుతుంది.

పోతు పూవైతే గొట్టం మరీ సన్నం. గొంతు దగ్గర పది తిత్తులు ఉంటాయి, కానీ మధ్యలో పిందె ఉండాల్సిన చోట సూదిమొనంత పుల్ల తప్ప ఇంకేమీ ఉండదు.

గుర్తు పెట్టుకోవడానికి సులువైన మాట: ఉండ ఉండి తిత్తులు లేకపోతే ఆడ, రెండూ ఉంటే ద్విలింగ, తిత్తులే ఉంటే పోతు. అయితే ఈ చివరి మాటకు ఒక మినహాయింపు ఉంది. అదే అందరినీ దెబ్బతీస్తుంది.

6. ఎండ దెబ్బ తిన్న ద్విలింగ చెట్టును పోతనుకుని కొట్టేయకండి

ఆడ చెట్టు ఏ కాలంలోనైనా ఆడ పూలే పూస్తుంది. ద్విలింగ చెట్టు అలా నిలకడగా ఉండదు. ఎండలు ముదిరినప్పుడు, నీళ్లకు వాచిపోయినప్పుడు దాని పూలలో పిందె ఎదగడం ఆగిపోతుంది. కోసి చూస్తే తిత్తులుంటాయి, పిందె ఉండదు, అచ్చం పోతు పూవే. వారాల తరబడి పూత రాలిపోతూనే ఉంటుంది. మొన్నటి దాకా కాసిన చెట్టు "పోతైపోయింది" అంటారు దీన్నే.

పోతైపోలేదు. కాడ చూడండి. నిజమైన పోతుకు వేలాడే పొడవాటి కొమ్మల కాడ ఉంటుంది. ఎండ దెబ్బ తిన్న ద్విలింగకు కాడ పొట్టిగానే ఉంటుంది. కాండం మీద కిందికి చూసినా తెలుస్తుంది. నాలుగైదు కాయలు, ఆ పైన ఏమీ లేని ఖాళీ, మళ్లీ పైన పూత, ఇలా ఉంటే అది కాలం చేసిన పని. నీళ్లు తగ్గకుండా పెట్టండి, చెట్టు మొదలు చుట్టూ ఎండుటాకులో గడ్డో మందంగా పరవండి, కాలం మారే దాకా ఆగండి. చల్లబడ్డాక వచ్చే పూత మళ్లీ నిలుస్తుంది.

చలి ఎక్కువైనా, తేమ, నత్రజని మరీ ఎక్కువైనా దీనికి తిరగబడుతుంది. పొడి తిత్తులు పిందెకు అతుక్కుపోయి, కాయ ముడతలు పడి, పక్కకు మొహం తిప్పుకున్నట్టు వంకరగా వస్తుంది. అది తెగులు కాదు, పురుగు కాదు. అలాంటి కాయను పిందెగా ఉన్నప్పుడే తుంచేస్తే పక్క కాయలకు చోటు దొరుకుతుంది. వంకర కాయ తినడానికి పనికొస్తుంది, పారేయాల్సిన పనిలేదు.

ఎండ బాగా మండే నేలల్లో, ద్విలింగ చెట్లు ఏటా నెలల తరబడి ఖాళీ పడుతుంటే, నా మట్టుకు నేను ఆడ చెట్టునే నమ్ముతాను. దగ్గర్లో పుప్పొడి ఉంటే చాలు, అది ఇలా మారిపోదు.

7. ఏది ఉంచాలో తేల్చుకోండి

ఆడ–పోతు కోవ అయితే: ప్రతి గుంతలో ఒక ఆడ చెట్టు ఉంచండి. మొత్తం మీద పది నుంచి ఇరవై ఆడ చెట్లకు ఒక పోతు చెట్టు ఉండాలి. ఆ పోతుల్ని ఒక మూల కుప్పగా కాకుండా తోటంతా పరుచుకునేలా, అక్కడొకటి ఇక్కడొకటి ఉంచండి. గాలి వీచే వైపు ఎక్కువ ఉంచితే ఇంకా మేలు, గాలీ రాత్రిపూట తిరిగే చిమ్మటలూ పుప్పొడిని మోసుకెళ్తాయి. మూడూ పోతులైన గుంతలు ఎలాగూ కొన్ని వస్తాయి, ముందుగా వాటిలోంచే ఎంచుకోండి. దానికోసం మంచి ఆడ చెట్టును బలి చేయక్కర్లేదు.

నేను మొదటిసారి బొప్పాయి వేసినప్పుడు ఒక్క పోతునూ మిగల్చలేదు. కాయని చెట్టుకు నీళ్లెందుకు, ఎరువెందుకు అనిపించింది. ఆడ చెట్లు బ్రహ్మాండంగా పూశాయి. ఒక్కో పూవూ విచ్చుకోవడం, కాడ పసుపెక్కడం, తాకితే రాలిపోవడం. నెలన్నర అలా చూశాను. చెట్టుకు రెండు మూడు పిందెలు నిలిచినా పిడికెడంత దగ్గరే ఆగిపోయాయి, కోస్తే లోపల గింజ లేదు. పోతు చెట్టు తినే ఎరువు వృథా కాదని అప్పుడు తెలిసింది.

ఆడ–ద్విలింగ కోవ అయితే: అమ్మకానికి పెంచేవాళ్లు ద్విలింగ చెట్టునే ఉంచుకుంటారు. కాయ కోలగా ఉంటుంది, కండ మందం, లోపలి ఖాళీ తక్కువ, పెట్టెలో పేర్చడానికి కుదురుతుంది. ఆడ చెట్టు కాయ గుండ్రంగా, లోపల ఖాళీ ఎక్కువగా ఉంటుంది. ఇంటికోసం పెంచేవాళ్లకు ఈ తేడా పెద్దది కాదు, రుచిలో లోటేమీ ఉండదు. ఈ కోవలో పొరపాటున ఒక పోతు కనబడితే నిర్మొహమాటంగా తీసేయండి, ద్విలింగ పుప్పొడే సరిపోతుంది.

ఒక్క చెట్టుకే చోటున్నవాళ్లు ఆడ–పోతు కోవ జోలికి పోకండి. ఆడ–ద్విలింగ రకం గింజ తెచ్చి మూడు మొక్కలు పెట్టి, ఒక ద్విలింగను ఉంచుకోండి. అదొక్కటే ఒంటరిగా కాయగలదు.

8. తీసేయాల్సిన మొక్కను కోయండి, పీకకండి

ఆరు నెలల మొక్కల వేళ్లు గుంతంతా అల్లుకుని ఉంటాయి. ఒకటి పీకితే మిగిలినదాని పీచువేళ్లు తెగుతాయి, వారం తిరిగేసరికి అది ఆకులు వాల్చేస్తుంది. తొడుగులు వేసుకుని, మట్టి కాస్త పక్కకు తీసి, నేలకు ఒకటి రెండు వేళ్ల లోతులో కోయండి. బొప్పాయి కాండం లోపల బోలు. నేల పైన మోడు వదిలితే అందులో నీళ్లు నిలిచి కుళ్లుతుంది. కోశాక మట్టి కప్పేయండి. చిగురు మళ్లీ వస్తే లేతగా ఉన్నప్పుడే చిదిమేయండి.

కోసే వరస కూడా ముఖ్యమే. ఆరోగ్యంగా ఉన్నవి ముందు, ఆకులు ముడుచుకుని మచ్చలు పడినవి చివర. మధ్యలో కత్తి తుడుచుకుంటూ ఉండండి.

కోసే ముందు గుంత దగ్గర నిలబడి మరొక్కసారి పూవు చూడండి. పక్క మొక్క కాడ వాలి దీనిదిలా కనబడడం మామూలే. రంగు దారం కట్టేది ఇందుకే. ఆడదానికి ఒక రంగు, ద్విలింగకు ఒకటి, పోతుకు ఒకటి. కాండానికి కట్టొద్దు, లావెక్కే కొద్దీ దారం కోసుకుపోతుంది. మొక్క పక్కనే పుల్ల గుచ్చి దానికి కట్టండి.

9. పోతు లేకపోతే చేత్తో పుప్పొడి అందించండి

ఆడ చెట్టు ఒక్కటే మిగిలినవాళ్లకు, పోతు చెట్టు దూరంగా ఉన్నవాళ్లకు ఇది దారి. పొద్దున్నే అప్పుడే విచ్చిన పోతు పూలు పదిపదిహేను కోసి తెచ్చుకోండి. ద్విలింగ పూలైనా పనికొస్తాయి. రేకులు తీసేస్తే తిత్తులు బయటపడతాయి. ఆ రోజు గానీ ముందు రోజు గానీ విచ్చిన ఆడ పూవు నెత్తి మీది కుచ్చుకు వాటిని మెత్తగా రాయండి. కుచ్చు మీద పసుపు పొడి కంటికి కనబడాలి. ఒక్కో ఆడ పూవుకు రెండు మూడు పోతు పూలు వాడండి, పిసినారితనం వద్దు. పొడి తడిసిపోతే పని జరగదు కాబట్టి వాన పడుతున్నప్పుడు చేయకండి.

పది రోజుల్లో ఫలితం తెలుస్తుంది. రేకులు వాడి రాలిపోయినా ఉండ పచ్చగా నిలిచి ఉబ్బుతుంటే కట్టినట్టే. కాడ పసుపెక్కితే తప్పినట్టు, తర్వాతి పూవుకు మళ్లీ ప్రయత్నించండి.

10. సొంత గింజ కావాలంటే

మంచి ద్విలింగ చెట్టు మీద రేపు విచ్చుకునే మొగ్గకు ఈ సాయంత్రం కాగితపు సంచి తొడిగి మూతి కట్టండి. బయటి పుప్పొడి రాదు, తనదే తనకు పడుతుంది. పిందె గోళీకాయంత కాగానే సంచి తీసేసి, కాడకు గుర్తు కట్టండి. ఆ పండు గింజల్లో పోతు రాదు. గింజ చుట్టూ ఉండే జిగురు తిత్తిని బూడిదతోనో ఇసుకతోనో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టండి. ఆ జిగురు ఉంటే మొలక ఆలస్యమవుతుంది. సంకర రకాల నుంచి గింజ కట్టకండి, పిల్లలు తల్లిలా రావు.

ఎక్కువగా వినబడే మాటలు, వాటి నిజం

నల్ల గింజ ఆడ, లేత గింజ పోతు. నీళ్లలో మునిగింది ఆడ, తేలింది పోతు. తల్లివేరు నిటారుగా ఉంటే పోతు, చీలితే ఆడ. ఇవన్నీ నమ్మకంగా చెప్పేవాళ్లున్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆడ–పోతు కోవలో ఎలా చెప్పినా సగం సార్లు నిజమవుతుంది, నిజమైనవే గుర్తుంటాయి. మీరే పరీక్షించండి: ఇరవై నారు మొక్కలకు మీ ఊహ రాసి పెట్టి, పూసేదాకా పుస్తకం తెరవకండి. నారు దశలో ఖాయంగా తేల్చేది ప్రయోగశాలలో ఆకు ముక్కతో చేసే డీఎన్‌ఏ పరీక్ష ఒక్కటే.

పోతు చెట్టుకు మేకు కొడితే కాస్తుంది, తల నరికితే ఆడదవుతుంది అన్నవి ఇంకో రకం. మేకు దెబ్బకు కాండంలోకి కుళ్లు ప్రవేశిస్తుంది, అంతే. ఈ నమ్మకం ఎందుకు పుట్టిందో మాత్రం అర్థం చేసుకోవచ్చు. కొన్ని పోతు చెట్లు కాలం మారినప్పుడు వాటంతట అవే, పొడుగు కాడ కొసన, రెండు మూడు చిన్న కాయలు కాస్తాయి. దానికి ముందు ఎవరైనా మేకు కొట్టి ఉంటే, పేరు మేకుకు వస్తుంది. ఆ కాయలు తినొచ్చు, కానీ వాటిని నమ్ముకుని ఆ చెట్టుకు గుంత అప్పగించకండి.

సరిగ్గా చేశామో లేదో ఎలా చూసుకోవాలి

పూసిన మొక్కలన్నిటినీ రకాలవారీగా లెక్కపెట్టండి. ఆడ–పోతు కోవలో ఇరవై మొక్కలకు ఆరు నుంచి పద్నాలుగు దాకా పోతులు రావడం మామూలే, సరిగ్గా పది రాలేదని కంగారు పడొద్దు. ఆడ–ద్విలింగ అని రాసిన ప్యాకెట్లో ఇరవైకి నాలుగైదు పోతులు తేలితే మాత్రం మీ పోలికలో తప్పేమీ లేదు, ఆ గింజలో బయటి పోతు పుప్పొడి కలిసింది. మళ్లీ అక్కడ గింజ తీసుకోకండి.

అనవసరమైన మొక్కలు తీసేసిన నెలకు ఉంచిన చెట్లన్నీ మరోసారి తిరగండి. ఆడ అని గుర్తు పెట్టినదాని కాయలు గుండ్రంగా, ద్విలింగ అని పెట్టినదాని కాయలు కోలగా దిగాలి. తేడా వస్తే పుల్లకు దారం మార్చండి, పుస్తకంలో కారణం రాసుకోండి. ద్విలింగ చెట్టుకు ఎప్పుడైనా అయిదు లోతైన గాడులు పడిన గుండ్రటి కాయ ఒకటి రావచ్చు. దాని పూలలో ఒక రకం అలా కాస్తుంది, దానివల్ల చెట్టు ఆడదైపోదు.

ఆడ చెట్టుకు పుప్పొడి చాలిందా లేదా అన్నది పండు కోసినప్పుడు తెలుస్తుంది. లోపల గోడలన్నిటికీ గింజలు ఒత్తుగా అంటుకుని ఉంటే చాలినట్టు. కాయ చిన్నదై, గింజలు పది ఇరవై మాత్రమే ఓ పక్కన ఉంటే చాలనట్టు. అలాంటి కాయలు ఏ వరసలో వచ్చాయో చూడండి. ఆ వరసకు దగ్గర్లోనే వచ్చే ఏడు ఒక పోతు చెట్టును ఉంచండి.